బైపాస్ తర్వాత నాన్నకి రాత్రి పగలైంది, పగలు రాత్రైంది. ఏం చేయాలి?

గట్టుమీది_చిన్నోడు | శనివారం, రాత్రి 2:14

అందరికీ నమస్కారం. ఈ టైంలో రాస్తున్నానంటేనే మా ఇంటి పరిస్థితి అర్థమై ఉంటుంది. మా నాన్నకి 67 ఏళ్ళు. 19 రోజుల కిందట బైపాస్ అయింది. ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు మానుతున్నాయి, షుగర్ అదుపులోనే ఉంది. ఇంటికి తెచ్చి 12 రోజులు. మాది మండపేట దగ్గర పల్లెటూరు.

బాధల్లా నిద్రతోనే. పొద్దున టిఫిన్ తిని పడుకుంటే ఒంటిగంటకి లేస్తారు. అన్నం తిని మళ్ళీ పడుకుంటే ఐదు. రాత్రి పది దాటిందా, కళ్ళు పత్తికాయల్లా చేసుకుని కూర్చుంటారు. టీవీలో పాత సినిమాలు, మధ్యలో రెండుసార్లు టీ, గంటకోసారి బాత్రూం. లేచినప్పుడల్లా పట్టుకోవాలి కాబట్టి అమ్మ కూడా జాగారమే. తెల్లారి ఐదింటికి మళ్ళీ పాలవాడు. ఇలాగే ఉంటే ఆవిడ మంచాన పడేలా ఉంది. నేను హైదరాబాద్ నుంచి సెలవు మీద వచ్చాను, ఇంకో రెండు వారాలే ఉంటాను.

నిద్రమాత్ర రాయించమంటోంది అమ్మ. ఆస్పత్రికి ఫోన్ చేస్తే వచ్చే చెకప్‌లో చూద్దామన్నారు. ఎవరింట్లోనైనా ఇలా జరిగిందా?

కొబ్బరాకు | శనివారం, ఉదయం 5:50

మా అత్తగారికి ఆపరేషన్ అయినప్పుడు నెల రోజులు ఇదే వరస. తర్వాత దానంతటదే సర్దుకుంది. టెన్షన్ పడకండి.

వార్డు_అక్క | శనివారం, ఉదయం 7:05

తమ్ముడూ, నేను నర్సుని. 22 ఏళ్ళ సర్వీసులో తొమ్మిదేళ్ళు గుండె ఐసీయూలోనే. దానంతటదే సర్దుకోవడం నిజమే, చాలామందికి నెలా రెణ్ణెల్లలో దారికొస్తుంది. కానీ అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు.

ముందు ఒక మాట. ఐసీయూలో రోగి ఎలా ఉంటాడో ఊహించు. పగలైనా రాత్రైనా నెత్తిమీద అదే ట్యూబ్‌లైటు. గంటగంటకీ బీపీ, మానిటర్ల కూతలు, పొద్దున రౌండ్సుకి రిపోర్టు ఉండాలని నాలుగింటికే రక్తం తీయడం. మేమే చేస్తాం ఇదంతా, చేయక తప్పదు. నాలుగైదు రోజులు అలా గడిపితే ఒంటికి ఏది పొద్దో ఏది రాత్రో తెలియకుండా పోతుంది. మీ నాన్నగారు ఆ తికమకనే వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు.

నాకు కొన్ని సంగతులు చెప్పు. పడుకోబెట్టిన గదిలో వెలుతురు ఎంత? వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా? రాత్రిళ్ళు మనుషుల్ని గుర్తుపట్టకుండా, సంబంధం లేకుండా మాట్లాడుతున్నారా? అన్నిటికన్నా ముఖ్యం, ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే నీళ్ళ మాత్ర ఏ వేళకి ఇస్తున్నారు? గంటకోసారి బాత్రూం అన్నావు, నాకు దాని మీదే అనుమానం.

గట్టుమీది_చిన్నోడు | శనివారం, ఉదయం 9:40

అక్కా, మాటలు శుభ్రంగానే ఉన్నాయి, ఆయాసం లేదు. గాలి తగలకూడదని నడిమింట్లో పడుకోబెట్టాం. ఉన్న ఒక్క కిటికీకీ దుప్పటి కట్టాం. మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి.

నీళ్ళ మాత్ర సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది. మాత్రల డబ్బా సర్దింది నేనే. రోజుకి రెండు అని ఉంటే పొద్దున 8, రాత్రి 8 గడుల్లో వేసేశాను. మీరు అడిగాక డిశ్చార్జి కాగితం మళ్ళీ తీశాను. పొద్దున 8, సాయంత్రం 4 అని స్పష్టంగా రాసి ఉంది. పన్నెండు రోజులుగా ఆయన్ని రాత్రంతా లేపుతున్నది నేనే అన్నమాట.

వార్డు_అక్క | శనివారం, ఉదయం 10:15

ఇందులో సిగ్గుపడడానికేముంది, పదిళ్ళలో నాలుగిళ్ళలో ఇదే చూస్తాం. సాధారణంగా ఇచ్చే నీళ్ళ మాత్ర మింగిన గంటలో మొదలై ఆరు గంటల దాకా లాగుతుంది. ఎనిమిదింటికి వేస్తే రెండింటి దాకా నిద్ర ఎక్కడిది? డాక్టరుగారి అసిస్టెంట్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పి, నాలుగింటికి మార్చుకో. ఈరోజు డోసు ఎలా సర్దాలో కూడా వాళ్ళనే అడుగు, నా మాట మీద చేయకు.

గుండె వేగం తగ్గించే మాత్రలు కొన్ని కూడా నిద్రని కొంచెం చెడగొడతాయి. అవి మాత్రం సొంతంగా ఆపొద్దు, ప్రమాదం. చెకప్‌లో అడుగు.

ఆ దుప్పటి ఇవాళే పీకెయ్.

పొద్దుతిరుగుడు_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 12:30

రిటైర్డ్ జువాలజీ లెక్చరర్‌ని. దుప్పటి ఎందుకు పీకమన్నారో నేను చెబుతాను. పాఠంలా ఉంటే క్షమించాలి, అలవాటు పోలేదు.

మన కళ్ళ వెనక, రెండు కంటి నరాలు కలిసేచోటికి సరిగ్గా పైన, మెదడులో బియ్యపు గింజకన్నా చిన్న ముద్ద ఉంది. అందులో దాదాపు 20 వేల నాడీకణాలు. ఒంటికంతటికీ పెద్ద గడియారం అదే. దాని సొంత లెక్క సరిగ్గా 24 గంటలు కాదు, చాలామందిలో ఓ పది పన్నెండు నిమిషాలు ఎక్కువ. అందుకే రోజూ దాన్ని సరిచేసే చెయ్యి కావాలి. ఆ చెయ్యి వెలుతురు. పొద్దుటి వెలుతురు గడియారాన్ని ముందుకి జరుపుతుంది, రాత్రి పడే వెలుతురు వెనక్కి నెడుతుంది. చిన్నోడి నాన్నగారికి పొద్దున చీకటి, రాత్రి టీవీ. రెండూ తిరగబడ్డాయి.

వెలుతురు అంటే ట్యూబ్‌లైటు చాలదు. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో లైటు వేస్తే రెండు మూడు వందల లక్స్. మబ్బుపట్టిన రోజైనా ఆరుబయట కొన్ని వేలు ఉంటుంది, నిండు ఎండలో లక్ష. మన కంటికి ఆ తేడా అంతగా తెలియదు కానీ గడియారానికి తెలుస్తుంది. పైగా వయసు మళ్ళిన వాళ్ళకి కంటి కటకం పసుపు తిరిగి, లోపలికి వెళ్ళే వెలుతురు ఇంకా తగ్గుతుంది. శుక్లాలుంటే చెప్పనే అక్కర్లేదు.

ఈ కథ మొదలైంది మనిషితో కాదు, మొక్కతో. 1729లో డి మైరాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకునే ఒక మొక్కని చీకట్లో పెట్టి చూశాడు. మన పొలంగట్ల మీది అత్తిపత్తి జాతే. ఎండ లేకపోయినా వేళకి విప్పుకోవడం, వేళకి ముడుచుకోవడం మానలేదు. అంటే లెక్క లోపలే ఉంది. ఆ లోపలి లెక్కని ఈగల జన్యువుల్లో పట్టుకున్నందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకి నోబెల్ ఇచ్చారు. అరటిపళ్ళ మీద ముసిరే ఆ చిన్న ఈగలే. మా క్లాసులో పిల్లలు వాటిని చూసి నవ్వేవాళ్ళు.

దినచర్య_మార్గం | శనివారం, మధ్యాహ్నం 1:10

ఇవన్నీ మన పెద్దలు ఎప్పుడో చెప్పినవే మాస్టారూ. బ్రాహ్మీ ముహూర్తంలో లేవడం, పొద్దుండగానే భోంచేయడం. వాటిని వదిలేసి ఇప్పుడు నోబెల్ అంటున్నాం. పెద్దాయన్ని రోజూ నాలుగున్నరకి లేపి చన్నీళ్ళ స్నానం చేయించండి, వారంలో దారికొస్తారు.

వార్డు_అక్క | శనివారం, మధ్యాహ్నం 1:22

అయ్యా, దయచేసి వద్దు. మూడు వారాల కిందట ఛాతీ ఎముక కోసి కట్టిన మనిషి ఆయన. ఆ ఎముక అతకడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చన్నీళ్ళు పడి వణికినా, ఒక్కసారి బిగుసుకున్నా ఇబ్బందే.

పొద్దుతిరుగుడు_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 1:45

దినచర్యగారూ, వేళకి లేవడం, వేళకి తినడం గురించి మన పాతవాళ్ళ మాటని నేను కాదనను. జాముల లెక్కతో బతికినవాళ్ళు, దీపం ఆర్పితే నిద్రే. కానీ తెల్లవారుజాము గుండె రోగికి సుఖమైన వేళ కాదు. నాలుగింటి ప్రాంతంలో ఒంటి వేడి అన్నిటికన్నా తక్కువలో ఉంటుంది. అక్కణ్ణుంచి ఒంటిని లేపే కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది, లేచేసరికి బీపీ ఎగబాకుతుంది, రక్తం గడ్డకట్టే గుణం కూడా కాస్త ఎక్కువవుతుంది. గుండెపోట్లు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం లోపు ఎక్కువని 1980ల నుంచీ తెలిసిన సంగతే. అందుకని ఆయన్ని మెల్లగా లేవనివ్వండి. ఆరున్నరైనా ఫరవాలేదు, రోజూ అదే ఆరున్నర అయితే చాలు.

డల్లాస్_బాబాయ్ | శనివారం, రాత్రి 8:30

ఇక్కడ నిద్ర కోసం నమిలే మెలటోనిన్ గమ్మీలు ఏ షాపులో పడితే ఆ షాపులో దొరుకుతాయి. వచ్చే వారం మావాళ్ళు వస్తున్నారు, ఒక డబ్బా పంపనా? ఇండియా వచ్చినప్పుడు జెట్‌లాగ్‌కి నేను అదే వేసుకుంటా.

వార్డు_అక్క | శనివారం, రాత్రి 9:10

బాబాయ్‌గారూ, మీ మంచి మనసుకి దండం. కానీ ఆయన రక్తం పలచబడే మాత్రలతో కలిపి ఎన్ని వేసుకుంటున్నారో మనకి తెలియదు. డాక్టరుకి చెప్పకుండా గమ్మీ కూడా వద్దు. మెలటోనిన్ మత్తుమందు కాదు, ఒంటికి రాత్రయిందని చెప్పే హార్మోను. మనిషి పడుకునే వేళకి రెండు గంటల ముందు నుంచీ అదే ఊరుతుంది, లైట్లు తగ్గిస్తే. టీవీ కట్టేస్తే పైసా ఖర్చు లేకుండా వచ్చేదాన్ని డల్లాస్ నుంచి తెప్పించడమెందుకు.

నిద్రమాత్ర గురించి అమ్మగారికి కూడా ఇదే చెప్పు తమ్ముడూ. ఈ వయసులో మగతగా బాత్రూంకి లేచి పడితే, ఆ కట్టిన ఎముక సంగతి ఆలోచించు.

గోదావరిఖని_తాత | ఆదివారం, ఉదయం 6:20

నేను 31 ఏండ్లు బొగ్గు బాయిల పనిచేసిన. వారం మొదటి షిఫ్టు, వారం రెండో షిఫ్టు, వారం రాత్రి షిఫ్టు. ఒంటికి ఒకటి అలవాటయ్యే లోపల ఇంకొకటి. మొదటి షిఫ్టుకు చీకట్ల ఇంట్లకెళ్ళి పోవుడు, లోపల చీకటి, చలికాలమైతే బయటికొచ్చి పండుకొని లేచేసరికి మళ్ళ చీకటే. పొద్దు మొఖం ఆదివారమే చూసెటోళ్ళం. అప్పుడే కడుపుల మంట మొదలైంది, బీపీ మొదలైంది. ఇప్పుడు రిటైరై ఏడేండ్లు. నేను చేసింది ఒక్కటే. పొద్దున ఆరింటికి చాయ్ గ్లాసు పట్టుకొని గల్లీల కుర్సీ ఏసుకొని కూసుంట. ఏడిటి దాక ఎవలు పిలిచినా లోపలికి పోను. నిద్ర దానంతట అదే వస్తది. చిన్నోడా, మీ నాయన్ను బయట కూసోబెట్టు.

పొద్దుతిరుగుడు_మాస్టారు | ఆదివారం, ఉదయం 8:00

తాతగారూ, మీ బాయి ముచ్చట చదివితే మిషెల్ సిఫ్రె గుర్తొచ్చాడు. 1962లో ఆ ఫ్రెంచి కుర్రాడు ఆల్ప్స్ కొండల్లో ఒక గుహలోకి గడియారం లేకుండా దిగి రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. సెప్టెంబర్ 14న పైకి పిలిస్తే, ఇంకా ఆగస్టు 20 అనుకుంటున్నాడట. మన దేశంలో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్‌గారు గుహల్లోని గబ్బిలాల మీద, వెలుతురు చొరని గదిలో ఉంచిన మనుషుల మీద ఇలాంటి పనే ఏళ్ళ తరబడి చేశారు.

హైటెక్_రాత్రిపక్షి | ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఇప్పుడే లేచాను. చిన్నోడి గోడు పక్కదారి పట్టిస్తున్నందుకు సారీ. మాది అమెరికా క్లయింటు, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారి మూడున్నర. ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. నాలుగేళ్ళయింది. ఎనిమిది కిలోలు పెరిగాను, షుగర్ బోర్డర్‌లో ఉంది. పొద్దుటి వెలుతురే మందైతే మా బతుకు సంగతేంటి మాస్టారూ?

పొద్దుతిరుగుడు_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:15

బాబూ, పెద్ద గడియారానికి వెలుతురు ఎలాగో, కాలేయానికీ, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌కీ తిండివేళ అలాగ. ప్రతి అవయవానికీ తన గడియారం ఉంది. అదే అన్నం పొద్దున తింటే ఒక తీరు, అర్ధరాత్రి తింటే ఒక తీరు. రాత్రి ఇన్సులిన్ పని మందగిస్తుంది కాబట్టి షుగర్ ఎక్కువసేపు పైనే ఉంటుంది. అందుకని ఒంటిగంటకి బిరియానీ మానెయ్. షిఫ్టుకి ముందు కడుపునిండా తిను, రాత్రి ఏదో మజ్జిగో, గుప్పెడు పల్లీలో. ఇంటికొచ్చాక గది చీకటి చేసుకుని పడుకుని, రోజూ పదకొండున్నరకో పన్నెండుకో లేచి ఎండలోకి రా. సెలవు రోజున మరీ తిరగేసి ఆరింటికే లేవాలనుకోకు, శుక్రవారం ఒక ఊళ్ళో సోమవారం ఇంకో ఊళ్ళో ఉన్నట్టు అవుతుంది.

నిజం చెప్పాలంటే ఇవి నష్టం తగ్గించే పనులే, పోగొట్టేవి కావు. రాత్రి షిఫ్టుని బహుశా క్యాన్సర్‌కి దారితీసే వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే చేర్చింది, 2019లో మళ్ళీ చూసి అక్కడే ఉంచింది. వీలైనప్పుడు ప్రాజెక్టు మారు.

హైటెక్_రాత్రిపక్షి | ఆదివారం, సాయంత్రం 5:40

బిరియానీ గురించి మీకెవరు చెప్పారు?

నిమ్మతొన | ఆదివారం, రాత్రి 7:00

నేనొకటి చదివాను. పగలు అయిన గాయం 17 రోజుల్లో మానితే రాత్రి అయిన గాయం 28 రోజులు పడుతుందట! అంటే ఆపరేషన్లన్నీ పగలే చేయించుకోవాలన్నమాట. అలాగే బీపీ మాత్రలన్నీ రాత్రి వేసుకుంటేనే గుండెకి మంచిదని వాట్సాప్‌లో వచ్చింది. మా మామగారికి మార్చేద్దామనుకుంటున్నా.

పొద్దుతిరుగుడు_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:20

అమ్మా, మార్చకండి. ఒక్కొక్కటీ చెబుతాను.

మొదటిది ఇంగ్లండులో 2017లో అచ్చయిన పరిశోధన. అది కాలిన గాయాల లెక్క, ఆపరేషన్ కోతలది కాదు. గాయం పూడ్చడానికి వచ్చే కణాలు పగటివేళ చురుగ్గా కదులుతాయని ప్రయోగశాలలో చూశారు, ఆస్పత్రి రికార్డుల్లో మీరు చెప్పిన తేడా కనిపించింది. చాలా ఆసక్తికరమైన సంగతే. ఆపరేషన్ల విషయానికొస్తే ఫ్రాన్సులోని లీల్ నగరంలో గుండె కవాటం మార్పిడి మధ్యాహ్నం చేయించుకున్నవాళ్ళకి ఉదయం చేయించుకున్నవాళ్ళకన్నా ఇబ్బందులు తక్కువ వచ్చాయని 2018లో రాశారు. తర్వాత వేరేచోట్ల చూసినవాళ్ళందరికీ అదే ఫలితం రాలేదు. కాబట్టి సర్జన్‌గారు ఇచ్చిన టైం వదిలి మధ్యాహ్నం కోసం పట్టుబట్టే పని లేదు.

బీపీ మాత్రల మీద బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా సగం మందికి పొద్దున, సగం మందికి రాత్రి ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. 2022లో లెక్క తేలింది. గుండెపోటు, పక్షవాతం రెండు జట్లలోనూ ఒకటే. మరిచిపోకుండా వేసుకోగలిగే వేళే మీ మామగారికి మంచి వేళ. కొన్ని మందులకి మాత్రం వేళ నిజంగా ముఖ్యం. థైరాయిడ్ మాత్ర పొద్దున పరగడుపున ఇస్తారు, స్టెరాయిడ్ పొద్దున ఇస్తారు. నీళ్ళ మాత్ర సంగతి చిన్నోడినే అడగండి.

నిమ్మతొన | ఆదివారం, రాత్రి 8:31

అమ్మో, ఆగిపోయాను. థాంక్స్ మాస్టారూ.

గట్టుమీది_చిన్నోడు | బుధవారం, రాత్రి 9:50

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, జరిగింది చెప్పాలి కదా.

శనివారమే ఫోన్ చేసి నీళ్ళ మాత్ర నాలుగింటికి మార్చాం. ఆదివారం నుంచి రాత్రి బాత్రూంకి లేవడం రెండుసార్లకి వచ్చింది. మంచాన్ని వీధి గదిలోకి మార్చి తూర్పు కిటికీ తీశాం. ఆరున్నరకి లేపడానికి మొదటి రెండు రోజులూ నాకూ ఆయనకీ యుద్ధమే. "గుండె కోయించుకున్నవాణ్ణి, పడుకోనివ్వరా" అని ఆయన. నాకూ పాపం అనిపించింది. కానీ లేపి పెరట్లో మామిడి చెట్టు పక్కన కుర్చీలో అరగంట కూర్చోబెడుతున్నా. ఆపరేషన్ కొత్త మచ్చ మీద ఎండ పడకుండా కండువా కప్పుతున్నాం. పేపర్ అక్కడే, మొదటి కాఫీ అక్కడే.

టీ మధ్యాహ్నం మూడు తర్వాత బంద్. దీనికి మాత్రం రోజూ గొడవే.

పగటి నిద్ర పూర్తిగా మాన్పించాలా అక్కా? మధ్యాహ్నం ఎంత ఆపినా తూలిపోతున్నారు.

వార్డు_అక్క | బుధవారం, రాత్రి 10:20

అయ్యో, మాన్పించకు. మానుతున్న ఒళ్ళు, విశ్రాంతి కావాలి. అన్నం తిన్నాక ముప్పావు గంట పడుకోనీ, మూడింటి లోపు లేపు. పొద్దున టిఫిన్ తర్వాత కునుకు పడితే ఇరవై నిమిషాలు, అదీ మంచం మీద కాదు, కుర్చీలో. రాత్రి మొదటి రెండు మూడు గంటల గాఢనిద్రలోనే ఒళ్ళు బాగుచేసే హార్మోను ఎక్కువగా వస్తుంది. పగలంతా పడుకుంటే ఆ గాఢనిద్రే పలచబడిపోతుంది.

మా దగ్గర నెలలు నిండని పిల్లల వార్డులో కూడా రాత్రి ఉయ్యాల మీద గుడ్డ కప్పి లైట్లు తగ్గిస్తాం. ఎప్పుడూ ఒకే వెలుతురులో ఉంచిన పిల్లలకన్నా వాళ్ళు బాగా బరువు పెరిగారని కొన్ని పరిశీలనల్లో తేలింది. కిలోన్నర పసిగుడ్డుకే పగలూ రాత్రీ కావాలి, మీ నాన్నగారికి వద్దా?

దినచర్య_మార్గం | గురువారం, ఉదయం 5:05

చన్నీళ్ళ మాట వెనక్కి తీసుకుంటున్నా. రాత్రి భోజనం ఏడున్నరలోపు పెట్టండి, దీనికైతే ఎవరూ కాదనరనుకుంటా.

వార్డు_అక్క | గురువారం, ఉదయం 6:30

దీనికి నా ఓటు మీకే.

గట్టుమీది_చిన్నోడు | తర్వాతి బుధవారం, రాత్రి 9:15

నిన్న చెకప్ అయింది. గాయం బాగుందన్నారు, నీళ్ళ మాత్ర రోజుకి ఒకటే చేశారు, పొద్దున. నిద్రమాత్ర అడగలేదు, వాళ్ళూ రాయలేదు. పదింటికి పడుకుంటున్నారు, మధ్యలో ఒకసారి లేస్తారు, మళ్ళీ పడుకుంటారు. రోజూ ఇలాగే అని కాదు. మొన్న ఎదురింట్లో పెళ్ళి, పన్నెండు దాకా డీజే, ఆ రాత్రి మొత్తం పోయింది. మర్నాడు ఆకలి కూడా లేదు. అయినా ఆరున్నరకే లేపాను, తిట్టుకుంటూనే వచ్చి కూర్చున్నారు.

నిన్న మధ్యాహ్నం అమ్మ రెండు గంటలు నిద్రపోయింది. ఆవిణ్ణి మాత్రం లేపలేదు.

శనివారం హైదరాబాద్ బయల్దేరుతున్నా. ఆరున్నర బాధ్యత ఇక అమ్మది, పేపర్ వేసే కుర్రాడిది.

గోదావరిఖని_తాత | గురువారం, ఉదయం 6:40

మంచిగున్నది బిడ్డా. కుర్సీ ఏ దిక్కు ఏసినవ్?

గట్టుమీది_చిన్నోడు | గురువారం, ఉదయం 7:02

తూర్పుకే తాతా. ఏడున్నర దాటితే పక్కింటి డాబా నీడ వచ్చేస్తోంది, వెళ్ళేలోపు కుర్చీని బావి వైపు జరిపి పెట్టాలి.